ఒక పీజీ, మూడు దేశాలు: ఎరాస్మస్ ముండస్ కాగితాల క్రమం – నా అనుభవం

ఇటలీలో మొదటి సెమిస్టర్ మొదలైన నెలలోపే, మరుసటి ఏడాది జర్మనీలో చేయబోయే మూడో సెమిస్టర్ పని మొదలుపెట్టాలి. పలు దేశాల యూనివర్సిటీలు కలిసి నడిపే ఎరాస్మస్ ముండస్ ఉమ్మడి పీజీలోకి వచ్చే మనవాళ్ళకి నేను ముందు చెప్పే మాట ఇదే. ‘ఉమ్మడి’ అన్న పేరు చూసి మూడు యూనివర్సిటీలకీ ఒకే ఆఫీసు, ఒకే నియమం ఉంటాయనుకుంటాం. నిజంగా ఉమ్మడిగా ఉండేవి కొన్నే: ఎంపిక, సిలబస్ కూర్పు, స్కాలర్‌షిప్, ఇన్సూరెన్స్, చేరేటప్పుడు మనం సంతకం పెట్టే స్టూడెంట్ అగ్రిమెంట్. వీసా, అడ్రసు నమోదు, పరీక్షల పద్ధతి, మార్కుల లెక్క మాత్రం ఏ దేశానివి ఆ దేశానివే. చదువు ఒకటే అయినా, దేశం మారిన ప్రతిసారీ ఆఫీసుల దగ్గర మనం కొత్తగా చేరిన విద్యార్థులమే.

నాది 120 క్రెడిట్ల కోర్సు. మొదటి రెండు సెమిస్టర్లు ఇటలీ, మూడోది జర్మనీ, నాలుగోది థీసిస్‌తో స్పెయిన్. మీ దారి వేరైనా మెలికలు పడే చోట్లు దాదాపు ఇవే.

ఈ కోర్సుల చట్రం సంగతి ముందు చెప్పుకోవాలి. యూరప్ లోపలి విద్యార్థుల మార్పిడి కోసం ఎరాస్మస్ 1987లో మొదలైంది. 1999 జూన్ 19న 29 దేశాల విద్యామంత్రులు బొలోన్యాలో సంతకాలు చేసిన ప్రకటన డిగ్రీలన్నిటినీ ఒకే మెట్ల వరుసలోకి తెచ్చింది. బయటి దేశాల వాళ్ళకీ తలుపు తెరుస్తూ 2004లో ఎరాస్మస్ ముండస్ వచ్చింది. ఇప్పటి నియమం ప్రకారం కనీసం మూడు దేశాల నుంచి మూడు యూనివర్సిటీలు కలిసి కోర్సు నడపాలి. విద్యార్థి కనీసం రెండు దేశాల్లో, ఒక్కోచోట కనీసం 30 క్రెడిట్లు చదవాలి. ఆ రెండూ చేరే సమయానికి తాను నివసించే దేశం కాకూడదు. హైదరాబాద్ నుంచో విశాఖ నుంచో నేరుగా వెళ్ళేవారికి ఈ చివరి షరతుతో ఇబ్బంది లేదు. అప్పటికే జర్మనీలో ఉండి అప్లై చేసేవారు మాత్రం తమ ట్రాక్‌లో ఏయే దేశాలున్నాయో చూసుకోవాలి.

అప్లికేషన్: పేరు దగ్గరే మొదలయ్యే చిక్కు

గడువులు ఎక్కువగా అక్టోబరు–జనవరి మధ్య ఉంటాయి, తరగతులు సెప్టెంబరులో. అంటే బీటెక్ చివరి సంవత్సరం మొదటి సెమిస్టర్‌లోనే అప్లై చేయాలి. అప్పటికి మన దగ్గర ప్రొవిజనల్ ఉండదు, కన్సాలిడేటెడ్ మెమో ఉండదు, ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) అయితే ఊసే లేదు. చాలా కన్సార్షియంలు, అంటే కోర్సు నడిపే యూనివర్సిటీల కూటములు, అప్పటివరకూ ఉన్న సెమిస్టర్ మెమోలూ, ఫలానా నెలకి కోర్సు పూర్తవుతుందని కాలేజీ ఇచ్చే లెటరూ తీసుకుంటాయి. ఆ లెటర్‌లో ‘చివరి సంవత్సరం చదువుతున్నాడు’ అని రాసి వదిలేస్తే సరిపోదు. పూర్తయ్యే నెల, సంవత్సరం ఉండాలి. ప్రొవిజనల్ ఎప్పటిలోగా పంపాలో అడ్మిషన్ షరతులోనే రాసి ఉంటుంది. మన దగ్గర ఫలితాలు జూన్, జులై దాటితే ఆ తేదీ తప్పుతుంది కాబట్టి, ఎంపిక మెయిల్ వచ్చిన వారంలోనే ఈ సంగతి వాళ్ళకి రాతపూర్వకంగా చెప్పి గడువు పొడిగింపు అడగాలి. అడిగినవారికి ఇస్తారు. గడువు దాటాక అడిగితే సీటు రిజర్వు లిస్టుకి పోతుంది.

పేరు విషయం తెలుగువాళ్ళకి ప్రత్యేకమైన తలనొప్పి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, కొందరికి ఇనీషియల్‌గానే ఉంటుంది. పాస్‌పోర్టులో అదే ఇంటిపేరు విడిగా సర్‌నేమ్ గడిలోకి వెళ్తుంది. కొందరి పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ, మొత్తం పేరు ఒకే గడిలో. యూరప్‌లో ఏ ఫారమైనా పాస్‌పోర్టు కింద రెండు వరుసల్లో మెషిన్ చదివే అక్షరాలు ఎలా ఉన్నాయో అలాగే నింపాలి. మెమో చూసి నింపకూడదు. ఇటలీలో దీని దెబ్బ వెంటనే కనిపిస్తుంది. అక్కడ ప్రతి ఒక్కరికీ ఇచ్చే కోదిచే ఫిస్కాలే అనే 16 అక్షరాల పన్ను నంబరు ఇంటిపేరులోని మూడు అక్షరాలు, పేరులోని మూడు, పుట్టిన తేదీ, పుట్టిన చోటు కలిపి తయారవుతుంది. మనం పుట్టింది ఇండియాలో కాబట్టి ఆ చోటికి జెడ్222 పడుతుంది. పేరూ ఇంటిపేరూ తారుమారైతే కోడే మారిపోతుంది. అద్దె ఒప్పందంలో ఒక కోడ్, యూనివర్సిటీలో ఇంకో కోడ్ పడితే బ్యాంకు ఖాతా ఆగిపోతుంది. మెమోలో ఒకలా, పాస్‌పోర్టులో ఒకలా ఉన్నవారు రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ ఇండియాలోనే చేయించుకుని వెళ్ళాలి. అక్కడికి వెళ్ళాక దాని కోసం ఎంబసీ దాకా తిరగాల్సి వస్తుంది.

రికమండేషన్లు రెండు అడుగుతారు. ప్రొఫెసర్ తన సొంత జీమెయిల్ నుంచి పంపితే కొన్ని పోర్టళ్ళు తీసుకోవు, కాలేజీ డొమైన్ మెయిల్ కావాలి. మన చాలా కాలేజీల్లో లెక్చరర్లకి అలాంటి మెయిల్ ఉండదు. అప్పుడు లెటర్‌హెడ్ మీద రాసి, సంతకం, స్టాంపు వేసి, కాలేజీ ఫోన్ నంబరు పెట్టి, మెయిల్ ఎందుకు లేదో ఒక వాక్యంలో చెప్పించాలి. ఇది గడువుకి నెల ముందే సరిచూసుకోవాల్సిన విషయం.

మోటివేషన్ లెటర్‌లో మనవాళ్ళు చిన్నప్పటి కలల గురించి పేజీ నింపుతారు. సెలక్షన్ కమిటీ వెతికేది వేరు: ఈ కోర్సులోని ఏ ట్రాక్, ఏ దేశంలో ఏ స్పెషలైజేషన్, దానికి మీ ప్రాజెక్టుతో ఉన్న లింకు. రెండో ఏడాది జర్మనీకే ఎందుకు, అక్కడ ఏ రెండు సబ్జెక్టుల కోసం అన్నది రాస్తే సిలబస్ చదివారని తెలుస్తుంది.

ఒకప్పుడు ఏడాదికి మూడు కోర్సులకే అప్లై చేయాలన్న పరిమితి ఉండేది. 2021 తర్వాత ఆమోదం పొందిన కోర్సులకి అది లేదు. అలాగని పదింటికి పంపడం నేను సమర్థించను. ప్రతి పోర్టల్‌కీ ఫారం వేరు, సీవీ రూపం వేరు, లెటర్ వేరు. నాలుగింటికి బాగా రాయడమే ఎక్కువ పని.

పది శాతం లెక్క

స్కాలర్‌షిప్ సంగతిలో ఒక నియమం తెలిస్తే ఫలితాలు అర్థమవుతాయి. ఒక ప్రాజెక్టు మొత్తం కాలంలో ఇచ్చే స్కాలర్‌షిప్‌లలో ఒకే దేశస్థులకి పది శాతానికి మించకూడదు. ఒక కన్సార్షియంకి యూరోపియన్ యూనియన్ (ఈయూ) ఇచ్చే మూల నిధిలో గరిష్ఠంగా 60 స్కాలర్‌షిప్‌లు ఉంటాయి, అవి సాధారణంగా నాలుగు బ్యాచ్‌లకి సర్దాలి. అందులో పది శాతం అంటే ఆరు. ఒక బ్యాచ్‌కి భారతీయులకి ఒకటో రెండో వస్తాయి. ప్రాంతాలవారీగా అదనంగా ఇచ్చే స్కాలర్‌షిప్‌లకి ఈ పరిమితి వర్తించదు, అందుకే ఒక్కో ఏడాది ఒక్కో కోర్సులో మనవాళ్ళ సంఖ్య పెరిగినట్టు కనిపిస్తుంది. మొత్తం లిస్టులో ఎనిమిదో ర్యాంకు వచ్చి కూడా రిజర్వులో పడ్డామంటే కారణం చాలాసార్లు ఇదే. మీకంటే పైనున్న భారతీయుడు వేరే కోర్సు ఎంచుకుంటే చోటు మీకే వచ్చే అవకాశం ఎక్కువ. అందుకే మెయిన్ లిస్టులో రెండు కోర్సుల్లో పేరున్నవారు ఒకటి వెంటనే వదులుకోవడం న్యాయం. అక్కడ ఎదురుచూసేది మన దేశపు పిల్లలే.

ఒకసారి ఈ స్కాలర్‌షిప్ తీసుకున్నవారికి రెండోసారి ఇవ్వరు.

నెలకి 1,400 యూరోలు, గరిష్ఠంగా 24 నెలలు, మొత్తం 33,600. విమానం, వీసా, గది, తిండి అన్నీ ఇందులోంచే. ప్రయాణానికి విడిగా వచ్చేది ఏదీ లేదు. ఫీజు కట్టక్కర్లేదు, ఇన్సూరెన్స్ కన్సార్షియమే చేయిస్తుంది. మొదటి డబ్బు మాత్రం వెళ్ళిన రోజు రాదు. యూనివర్సిటీలో చేరినట్టు నమోదు కావాలి, యూరోల్లో ఖాతా కావాలి, ఆ తర్వాతే బదిలీ. అక్టోబరు చివరిదాకా రాదని లెక్కవేసుకుని, గది డిపాజిట్టు రెండు నెలల అద్దె, మొదటి నెల అద్దె, కార్డు రుసుములు, తిండి కలిపి కనీసం 2,500 యూరోలు చేతిలో పెట్టుకుని బయల్దేరాలి. ‘స్కాలర్‌షిప్ ఉంది కదా’ అని 500తో దిగినవారు మొదటి నెలలోనే అప్పు చేస్తారు.

సొంత ఖర్చుతో సీటు వచ్చినవారి లెక్క వేరు. వారి మొదటి దేశం జర్మనీ అయితే 2022 నవంబరు 1 నుంచి భారతీయ విద్యార్థుల వీసాకి, చదువు పత్రాలు అసలైనవేనని ధ్రువీకరించే ఏపీఎస్ సర్టిఫికెట్ అడుగుతున్నారు. దానికి తోడు, నెలకి కొంత చొప్పునే తీసుకోగలిగే బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు చూపాలి.

ఇటలీలో మొదటి వారం

వీసాకి ముందు యూనివర్సిటాలీ అనే ఇటలీ ప్రభుత్వ పోర్టల్‌లో ప్రీ-ఎన్‌రోల్‌మెంట్ చేయాలి. యూనివర్సిటీ దాన్ని సరిచూసి ఆమోదిస్తేనే వీసా ఫైలు కదులుతుంది. సర్టిఫికెట్లకి ముందు రాష్ట్ర విద్యాశాఖ ధ్రువీకరణ, ఆ తర్వాత విదేశాంగ శాఖ అపోస్టిల్ (పత్రం విదేశాల్లో చెల్లేలా వేసే ధ్రువీకరణ) చేయించాలి. ఒక్క ప్రొవిజనల్‌కే కాదు, కన్సాలిడేటెడ్ మెమోకీ కలిపి ఒకేసారి చేయించండి. స్పెయిన్‌లో చేరేటప్పుడు రెండోది అడిగారు, అక్కడి నుంచి ఇండియాకి ఒరిజినల్ కొరియర్ చేయడం అనవసరమైన ప్రమాదం.

ఇటలీలో దిగిన ఎనిమిది పని దినాల్లో పెర్మెస్సో ది సొజోర్నో, అంటే నివాస అనుమతి కార్డు కోసం అప్లై చేయాలి. పోస్టాఫీసులో కిట్ అనే కవరు ఉచితంగా ఇస్తారు. దాన్ని నింపి, 16 యూరోల రెవిన్యూ స్టాంపు అంటించి అదే పోస్టాఫీసులో ఇవ్వాలి. ఈ స్టాంపు పోస్టాఫీసులో దొరకదు, సిగరెట్లమ్మే తబక్కెరియా దుకాణంలో కొనాలి. స్టాంపు, కార్డు ఖర్చు, ప్రభుత్వ రుసుము, పోస్టు ఛార్జి కలిపి నాకు 116 యూరోలు దాటింది. రసీదు మీదే పోలీసు కార్యాలయంలో వేలిముద్రల తేదీ వస్తుంది. ఆ తేదీ ఎంత దూరమున్నా పోగొట్టుకోకూడదు.

కార్డు చేతికి రావడానికి నెలలు పడుతుంది. ఈలోగా మనం వచ్చిన డీ-వీసా (దీర్ఘకాల వీసా) గడువు అయిపోయి చేతిలో రసీదు మాత్రమే మిగిలితే, షెంగెన్‌లోని, అంటే తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసిన యూరప్ దేశాల్లోని, వేరే దేశానికి వెళ్ళకూడదు. క్రిస్మస్ సెలవుల్లో హైదరాబాద్ వచ్చి వెళ్ళేవారు దీన్ని బాగా గుర్తుంచుకోవాలి. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా టికెట్ కొంటే తిరుగు ప్రయాణంలో షెంగెన్ ఇమిగ్రేషన్ జర్మనీలోనే జరుగుతుంది. దోహా, దుబాయ్ మీదుగా నేరుగా ఇటలీలో దిగే టికెట్టే కొనాలి. ధర కాస్త ఎక్కువైనా అదే సరైన టికెట్.

కార్డు గడువే రెండో దేశానికి తాళంచెవి

2016లో వచ్చిన ఈయూ ఆదేశం 2016/801 మనలాంటి విద్యార్థుల కోసమే. మొదటి దేశం ఇచ్చిన అనుమతితోనే రెండో సభ్యదేశంలో 360 రోజుల వరకూ చదువుకోవచ్చని అది చెబుతుంది. మళ్ళీ వీసా అక్కర్లేదు, సమాచారం ఇస్తే చాలు. యూరప్‌లో ఉమ్మడి చదువులకి ఇంత మేలు చేసిన నిబంధన ఇంకొకటి లేదని నా అభిప్రాయం. అయితే డెన్మార్క్, ఐర్లండ్ ఈ ఆదేశంలో లేవు. ఆ దేశాల్లో సెమిస్టర్ ఉన్నవారు విడిగా అనుమతి తీసుకోవాల్సిందే.

జర్మనీలో ఈ సమాచారాన్ని మనం ఇవ్వం. మనం వెళ్ళబోయే జర్మన్ యూనివర్సిటీ బామ్ఫ్ అనే కేంద్ర వలస కార్యాలయానికి పంపాలి. జతచేయాల్సినవి: పాస్‌పోర్టు కాపీ, ఇటలీ కార్డు, ఉమ్మడి కోర్సులో ఉన్నామన్న రుజువు, జర్మన్ యూనివర్సిటీ అంగీకార పత్రం, జీవన ఖర్చులకి స్కాలర్‌షిప్ లెటర్. పూర్తి ఫైలు అందాక అభ్యంతరం చెప్పడానికి వాళ్ళకి 30 రోజుల గడువుంటుంది.

మెలిక ఇక్కడే. ఇటలీ కార్డు జర్మనీలో ఉండే కాలమంతా చెల్లుబాటులో ఉండాలి. రసీదు చాలదు, ప్లాస్టిక్ కార్డే కావాలి. ఈయూ కార్యక్రమాల్లో ఉన్నవారికి అనుమతి కనీసం రెండేళ్ళకి, లేదా చదువు అంతకంటే తక్కువైతే చదువు ఉన్నంతకాలానికి ఇవ్వాలని అదే ఆదేశం చెబుతున్నా, కిట్ నింపేటప్పుడు జతచేసిన లెటర్‌లో ‘2 సెమిస్టర్లు’ అని ఉంటే కార్డు ఏడాదికే వచ్చే ప్రమాదం ఉంది. మా బ్యాచ్‌లో కొందరికి అలాగే జరిగింది. మూడో సెమిస్టర్ మధ్యలో గడువు ముగిసే కార్డుతో జర్మనీకి వెళ్ళలేక, మొదటి నుంచి జర్మన్ వీసాకి అప్లై చేశారు. కాబట్టి మొదటి నెలలోనే కోఆర్డినేటర్ దగ్గర 24 నెలల కోర్సు, మూడు దేశాల పేర్లు, ఒక్కో చోట తేదీలు, స్కాలర్‌షిప్ మొత్తం, ఆదేశం నంబరు – ఇవన్నీ ఒకే పేజీలో ఉన్న లెటర్ తీసుకోండి. కిట్‌లో అదే పెట్టండి. ఇటాలియన్ అనువాదం కూడా అడగండి, యూనివర్సిటీలో మూస సిద్ధంగానే ఉంటుంది.

క్రెడిట్ల కూడిక

ఏడాదికి 60 క్రెడిట్లు, సెమిస్టర్‌కి 30. ఒక క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల పని, తరగతులూ ఇంటి చదువూ పరీక్షా కలిపి. ఇటలీ 25 లెక్కిస్తుంది, జర్మనీలో ఎక్కువచోట్ల 30. అంటే కాగితం మీద ఒకే 30 క్రెడిట్లయినా ఒకచోట 750 గంటలు, ఇంకోచోట 900. జర్మనీలో పని ఎక్కువైనట్టు అనిపించడం భ్రమ కాదు.

మన బీటెక్ 160 క్రెడిట్లు నాలుగేళ్ళకి, అక్కడి లెక్కలో నాలుగేళ్ళు 240. కాబట్టి మన క్రెడిట్‌ని ఒకటిన్నరతో గుణిస్తే వాళ్ళ క్రెడిట్ వస్తుంది. నాలుగు క్రెడిట్ల సబ్జెక్టు ఆరవుతుంది. ప్రీ-రిక్విజిట్ సబ్జెక్టులు చూపాల్సి వచ్చినప్పుడు ఈ పట్టికను మనమే తయారుచేసి, సిలబస్ పేజీ నంబర్లతో సహా ఇస్తే పని తొందరగా అవుతుంది.

అసలు తప్పు జరిగేది మూడో సెమిస్టర్ సబ్జెక్టుల ఎంపికలో. ఇటలీలో సబ్జెక్టులు 6, 9, 12 క్రెడిట్లుగా ఉంటాయి. జర్మన్ విభాగాల్లో 5, 6 కనిపిస్తాయి. స్పెయిన్‌లో 3, 4.5, 6 మామూలు. ఐదు ఆరులు ముప్పై, ఆరు ఐదులూ ముప్పై. రెండూ కలిపితే 28, 29 దగ్గర ఆగుతుంది. రెండు క్రెడిట్లు తగ్గినా 120 పూర్తికాదు, థీసిస్ డిఫెన్స్ తేదీ ఇవ్వరు. కొంచెం ఎక్కువగా 31, 32 పడేలా ఎంచుకోవడమే మంచిది.

వెళ్ళే చోట ఏం చదువుతామో ముందే రాసుకునే ఒప్పందం, లెర్నింగ్ అగ్రిమెంట్‌లో రెండు పట్టికలుంటాయి. వెళ్ళే చోట చదివే సబ్జెక్టులు ఏ-పట్టికలో, వాటికి బదులుగా మన యూనివర్సిటీ ఏవి గుర్తిస్తుందో బీ-పట్టికలో. విద్యార్థి, పంపే యూనివర్సిటీ, తీసుకునే యూనివర్సిటీ – మూడు సంతకాలూ ఉండాలి. సబ్జెక్టు పేరు ఒక్కటే రాయకండి, కోడ్ రాయండి. ఒకే పేరుతో బ్యాచిలర్స్‌లో ఒకటి, మాస్టర్స్‌లో ఒకటి ఉండటం మామూలే, బ్యాచిలర్స్‌ది చదివి పాసైతే గుర్తించరు. అక్కడికి వెళ్ళాక ఆ సబ్జెక్టు ఈ సెమిస్టర్‌లో లేదనో, జర్మన్ భాషలోనే చెబుతారనో తెలుస్తుంది. వెంటనే మార్పుల పట్టిక నింపి మూడు సంతకాలూ మళ్ళీ చేయించాలి. ప్రొఫెసర్ నోటిమాటగా సరేనన్నది ట్రాన్స్‌క్రిప్ట్ దగ్గర పనికిరాదు.

పరీక్షల తీరూ తెలుసుకోవాలి. ఇటలీలో మార్కులు 30కి, పాసు 18. చాలా సబ్జెక్టులకి నోటి పరీక్ష, ఒకే సబ్జెక్టుకి పలు తేదీలు. వచ్చిన మార్కు నచ్చకపోతే వద్దని చెప్పి ఇంకో తేదీకి రావచ్చు. మనవాళ్ళు మొహమాటపడి తక్కువ మార్కుకే ఒప్పేసుకుంటారు, ఆ అవసరం లేదు. జర్మనీలో దీనికి పూర్తిగా వేరు. మార్కు 1.0 నుంచి 4.0 వరకూ పాసు, 1.0 అన్నిటికంటే మేలు. పరీక్షకి పోర్టల్‌లో విడిగా నమోదు చేసుకోవాలి. తరగతులన్నీ విన్నా నమోదు గడువు దాటితే పరీక్ష రాయనివ్వరు. తప్పితే మళ్ళీ రాసే అవకాశాలకీ పరిమితి ఉంటుంది.

ఒక చోటి మార్కుని ఇంకో చోటికి మార్చడానికి జర్మన్ యూనివర్సిటీలు వాడే బవేరియన్ సూత్రం తెలిసి ఉంటే మంచిది. గరిష్ఠ మార్కులోంచి మన మార్కు తీసి, దాన్ని గరిష్ఠానికీ పాసు మార్కుకీ ఉన్న తేడాతో భాగించి, మూడుతో గుణించి, ఒకటి కలపాలి. ఇటలీ 27 అయితే 1.75 వస్తుంది. మన సీజీపీఏ 8 అయితే పాసు గ్రేడు పాయింటు 5 అనుకుంటే 2.2, పాసు 4 అనుకుంటే 2.0. కాబట్టి మెమో వెనకనుండే గ్రేడింగ్ పట్టికను కూడా స్కాన్ చేసి పెట్టాలి. అది లేకపోతే పాసు మార్కుని వాళ్ళే ఊహించుకుంటారు.

జర్మనీ నుంచి స్పెయిన్: తేదీల ఢీ

జర్మనీలో శీతాకాల సెమిస్టర్ తరగతులు అక్టోబరు మధ్యలో మొదలై ఫిబ్రవరిలో ముగుస్తాయి. పరీక్షలు ఫిబ్రవరి, మార్చి. స్పెయిన్‌లో రెండో సెమిస్టర్ జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లోనే మొదలవుతుంది. కన్సార్షియం క్యాలెండర్ దీన్ని పూర్తిగా సర్దలేదు. జర్మనీలో రెండు తేదీలున్న పరీక్షలకి మొదటి తేదీకే నమోదు చేసుకోవాలి. రాత పరీక్ష లేకుండా ప్రాజెక్టు, సెమినార్‌తో మార్కులేసే సబ్జెక్టులు కనీసం రెండు తీసుకుంటే ఊపిరి ఆడుతుంది. నాలుగో సెమిస్టర్ థీసిస్ కావడం మేలు చేసింది. తరగతులున్న సెమిస్టర్ అయితే మొదటి మూడు వారాలు పోయేవి.

జర్మనీలో గది దొరికిన రెండు వారాల్లో అడ్రసు నమోదు, ఆన్‌మెల్డుంగ్, చేయాలి. దానికి ఇంటి ఓనరు సంతకం చేసిన ఫారం కావాలి. ఆ ఫారం ఇవ్వనన్న చోట గది తీసుకోకండి. అద్దె తక్కువని తీసుకున్నవారికి ముందు ముందు ప్రతి పనీ ఆగింది. ఇన్సూరెన్స్‌కి ఇంకో మెలిక ఉంది. కన్సార్షియం ఇచ్చిన ప్రైవేటు పాలసీని జర్మన్ యూనివర్సిటీ నేరుగా తీసుకోదు. ఏదైనా ప్రభుత్వ ఆరోగ్య బీమా సంస్థ దగ్గరికి వెళ్ళి, తప్పనిసరి బీమా నుంచి మినహాయింపు తీసుకుంటే, వాళ్ళు యూనివర్సిటీకి ఎలక్ట్రానిక్‌గా పంపుతారు. ఒకసారి మినహాయింపు తీసుకుంటే ఆ చదువు అయ్యేదాకా ప్రభుత్వ బీమాలోకి తిరిగి రాలేం. ఒక సెమిస్టర్‌కే వెళ్ళేవారికి దాంతో నష్టం లేదు.

వెళ్ళిపోయేటప్పుడు అడ్రసు రద్దు, ఆబ్‌మెల్డుంగ్, మరవకూడదు. చేయకపోతే ప్రతి ఇంటికీ నెలనెలా పడే 18.36 యూరోల ప్రసార రుసుము మన పేరు మీద పెరుగుతూనే ఉంటుంది. రద్దు కాగితం జతచేసి ఆ రుసుము ఆఫీసుకీ విడిగా రాయాలి.

బ్యాంకు ఖాతా దేశం మారినప్పుడల్లా మార్చాల్సిన పనిలేదు. యూరోల బదిలీ, డెబిట్లకి వేరే సభ్యదేశపు ఐబాన్ (అంతర్జాతీయ ఖాతా నంబరు) అన్న కారణంతో ఖాతాని తిరస్కరించకూడదని 2012 నాటి 260/2012 నిబంధన చెబుతుంది. ఇంటి ఓనరో, జిమ్మో ఇక్కడి ఖాతానే కావాలంటే ఆ నంబరు చెప్పండి. చాలాసార్లు అంతటితో ఒప్పుకుంటారు.

స్పెయిన్‌లో ఆరు నెలల్లోపు ఉండేవారికి విదేశీయుల కార్డు అక్కర్లేదు. మునిసిపాలిటీలో అడ్రసు నమోదు మాత్రం చేయించుకోవడం మంచిది. స్పెయిన్‌నే మొదటి దేశంగా ఎంచుకుని 180 రోజులు దాటి ఉండేవారికి వీసా దగ్గరే అపోస్టిల్ చేసిన పోలీస్ క్లియరెన్స్, మెడికల్ సర్టిఫికెట్ అడుగుతారు.

థీసిస్, ఆ తర్వాత

థీసిస్ 30 క్రెడిట్లు. నాకు ఇద్దరు గైడ్లు, రెండు యూనివర్సిటీల నుంచి. అంశం నాలుగో సెమిస్టర్‌లో వెతుక్కుంటే ఆలస్యం. మూడో సెమిస్టర్ నవంబరులోనే ఇద్దరి అంగీకారం మెయిల్‌లో ఉండాలి. డేటా ఏ యూనివర్సిటీదో, పేపర్ వేస్తే ఎవరి పేర్లు ఉంటాయో కూడా అప్పుడే తేల్చుకోవాలి. ఫార్మాటు, పేజీల పరిమితి, సమర్పణ గడువు డిఫెన్స్ జరిగే యూనివర్సిటీవి వర్తిస్తాయి. 24 నెలలు దాటి థీసిస్ సాగితే స్కాలర్‌షిప్ సాగదు.

చివర్లో చేతికి వచ్చేది ఒకే ఉమ్మడి డిగ్రీనా, రెండు మూడు వేర్వేరు డిగ్రీలా అన్నది కన్సార్షియం ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. ఉమ్మడి కోర్సులకి ఒకే నాణ్యతా పరీక్ష చాలని 2015లో ఆర్మేనియా రాజధాని యెరెవాన్‌లో యూరప్ విద్యామంత్రులు ఒప్పుకున్నా, డిగ్రీ పత్రం మీద ఏం రాయాలన్నది ఇప్పటికీ ఆయా దేశాల చట్టాల చేతిలోనే ఉంది. అసలు పట్టాలు రావడానికి నెలలు పడతాయి. డిఫెన్స్ అయిన వారంలోనే తాత్కాలిక సర్టిఫికెట్, ట్రాన్స్‌క్రిప్ట్ తీసుకోండి. డిగ్రీ వివరాలు చెప్పే జత పత్రం, డిప్లొమా సప్లిమెంట్, ఉచితంగా ఇవ్వాలి, రాకపోతే అడగండి.

చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి కనీసం తొమ్మిది నెలలు ఉండనివ్వాలని 2016/801 చెబుతుంది. ఆ హక్కు మనకి అనుమతి కార్డు ఇచ్చిన దేశంలో ఉంటుంది. నా విషయంలో అది ఇటలీ. స్పెయిన్‌లో థీసిస్ చేశాం కదా అని అక్కడే ఉండిపోవచ్చనుకోవడం పొరపాటు. దరఖాస్తు కార్డు గడువు ముగియకముందే పడాలి కాబట్టి డిఫెన్స్ తేదీకీ కార్డు తేదీకీ మధ్య కనీసం ఆరు వారాలు ఉండేలా చూసుకోవాలి.

ఇండియాకి తిరిగొచ్చి పీహెచ్‌డీకో, ప్రభుత్వ కొలువుకో వెళ్ళేవారికి, విదేశీ డిగ్రీ ఇక్కడి డిగ్రీకి సమానమని చెప్పే ఈక్వివలెన్స్ సర్టిఫికెట్ కావాలి. దానికి యూజీసీ 2025 ఏప్రిల్‌లో కొత్త నిబంధనలు తెచ్చింది. పట్టా మీద అపోస్టిల్ దాన్ని ఇచ్చిన దేశంలోనే చేయించాలి. మూడు పట్టాలుంటే మూడు దేశాల్లో. హైదరాబాద్‌లో కూర్చుని అది కుదరదు. అక్కడ ఉండిపోతున్న స్నేహితుడికి ఆథరైజేషన్ లెటర్ రాసిచ్చి రావాలి.

మన కాలేజీలోనే చదువుతూ ఒక సెమిస్టర్ మాత్రం వెళ్ళాలనుకునేవారికి ఎరాస్మస్+లోనే క్రెడిట్ మొబిలిటీ అనే వేరే దారి ఉంది: రెండు నుంచి పన్నెండు నెలలు, దేశాన్ని బట్టి నెలకి 800–900 యూరోలు, ప్రయాణ ఖర్చు విడిగా. మన యూనివర్సిటీకీ అక్కడి యూనివర్సిటీకీ ఒప్పందం ఉంటేనే అది సాధ్యం. కాబట్టి అడగాల్సింది మన యూనివర్సిటీ ఇంటర్నేషనల్ రిలేషన్స్ విభాగంలో.

ఇక యూనివర్సిటీ మెయిళ్ళ సంగతి. చదువు అయిన కొన్ని నెలలకే అవి మూతపడతాయి, కోర్సు పోర్టళ్ళూ అంతే. ఈక్వివలెన్స్‌కైనా, పీహెచ్‌డీకైనా సబ్జెక్టు వారీ సిలబస్ అడుగుతారు, రెండేళ్ళ తర్వాత పాత సిలబస్ సైట్లో దొరకదు. చదివిన ప్రతి సబ్జెక్టు పేజీనీ కోడ్, క్రెడిట్లు, గంటలు కనిపించేలా పీడీఎఫ్‌గా దించుకోండి. లెర్నింగ్ అగ్రిమెంట్ చివరి ప్రతి, బామ్ఫ్‌కి పంపిన ఫైలు, మూడు ట్రాన్స్‌క్రిప్టులు, ఆబ్‌మెల్డుంగ్ కాగితం, పాత పెర్మెస్సో రెండువైపులా స్కాన్ – ఇవన్నీ సొంత మెయిల్‌లోకి మార్చుకున్నాకే యూనివర్సిటీ లాగిన్ వదలండి.